‘పెళ్లయిందా?’ దగ్గరే ఆగిపోతున్న పరీక్ష

మా పిన్ని కూతురికి 22 ఏళ్లు. ఎస్సార్ నగర్‌లో హాస్టల్‌లో ఉంటూ, అమీర్‌పేటలో కోర్సు చేస్తూ ఉద్యోగాల వేటలో ఉంది. పోయినేడాది ఒక సాయంత్రం ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "అక్కా, మూడు వారాల నుంచి తెల్లబట్ట అవుతోంది. మూత్రానికి వెళ్తే మంట. ఒక్కదాన్నే డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది, నువ్వు రావా?" అంది. రూమ్మేట్లు పక్కనే ఉన్నట్టున్నారు. (ఇదంతా రాస్తానని ముందే అడిగాను. పేరు రాయకపోతే చాలంది.)

మర్నాడు హాస్టల్‌కి దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి వెళ్లాం. తలుపు బయట బల్ల వేసుకుని సిస్టర్ బరువు, బీపీ చూస్తూ ఓపీ చీటీలు నింపుతోంది. వెనక బెంచీల మీద పదిమంది దాకా ఉన్నారు, అందులో ఇద్దరు మగవాళ్లు. "పెళ్లయిందా అమ్మా?" అని అందరికీ వినపడేలా అడిగింది. "లేదు" అంది మా చెల్లి. చీటీ మీద ‘అన్‌మ్యారీడ్’ అని పడింది. లోపల డాక్టరమ్మ ఆ చీటీ చూసి, ఈమె మొహం చూసి, "నీళ్లు తక్కువ తాగుతున్నావా? హాస్టల్ తిండి కదా, వేడి చేసుంటుంది" అని మూత్రం పరీక్ష, అయిదు రోజుల యాంటీబయాటిక్ రాసి పంపేసింది. మొత్తం మూడు నిమిషాలు పట్టిందేమో.

తిరుగు ప్రయాణంలో మెట్రో ఎక్కాక, కిటికీ వైపు చూస్తూ చెప్పింది, ఎనిమిది నెలలుగా ఒకబ్బాయితో దగ్గరగా ఉంటున్నానని. "మరి డాక్టర్‌కి చెప్పలేదేం?" అన్నాను. "ఆమె అది అడగలేదుగా అక్కా. పెళ్లయిందా అనడిగింది."

తప్పు పట్టడానికి లేదు. అడిగినదానికి ఆ పిల్ల నిజమే చెప్పింది.

వయసులో ఉన్న ఆడపిల్లలకు లైంగిక వ్యాధుల పరీక్షలు మామూలు డాక్టర్ దగ్గరే, లక్షణాలు లేకపోయినా చేయాలా అన్నది ప్రపంచమంతా నడుస్తున్న చర్చ. మన దగ్గర అది ఇంకా మొదలు కాలేదనుకుంటాం గానీ, హైదరాబాద్ క్లినిక్కుల్లో ఒక రకం స్క్రీనింగ్ ఎప్పటినుంచో జరుగుతూనే ఉంది. దానికి వాడే పరికరం ఆ ఒక్క ప్రశ్న. పెళ్లి కాలేదంటే ‘ఈ పిల్లకి అలాంటివి ఉండవు’ అని, అయిందంటే ‘సంసారం చేసుకునే మనిషి, ఈమెకెందుకుంటాయి’ అని రెండు వైపులా తలుపు మూసేస్తుంది. ఇంతకన్నా పనికిమాలిన పరీక్ష ఏ ల్యాబులోనూ దొరకదు.

ముందు ఒక చిక్కు విప్పాలి. మా చెల్లికి కావాల్సింది స్క్రీనింగ్ కాదు. ఆమెకు మంట ఉంది, తెల్లబట్ట ఉంది. బాధ ఉన్న మనిషికి చేసేది రోగ నిర్ధారణ. ఏ బాధా లేకుండా జ్వరానికో, జుట్టు ఊడుతోందనో, రక్తహీనతకో వచ్చిన అమ్మాయికి ‘ఎలాగూ వచ్చావు కదా, ఇది కూడా చూద్దాం’ అని చేసేది స్క్రీనింగ్. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చర్చ గందరగోళమవుతుంది. మొదటిది ఎవరికైనా హక్కుగా అందాల్సింది. రెండోదాని మీదే అసలు వాదనలు.

అమెరికాలో డాక్టర్లకు ముందుజాగ్రత్త పరీక్షల మీద సలహాలిచ్చే ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ తన పాత మాటనే 2021లో మళ్లీ చెప్పింది. లైంగిక జీవితం ఉన్న, 24 ఏళ్లు, ఆలోపు వయసు ఆడవాళ్లందరికీ క్లమీడియా, గనేరియా (రెండూ లైంగికంగా అంటుకునే బ్యాక్టీరియా వ్యాధులు) పరీక్ష చేయాలి, 25, ఆపై వయసువాళ్లకు ముప్పు ఎక్కువుంటేనే చేయాలి అని. మగవాళ్ల విషయంలో మాత్రం చెప్పడానికి తగిన ఆధారాలు లేవంది. ఇంగ్లండ్ 2003లో మొదలుపెట్టిన కార్యక్రమం 25 ఏళ్లలోపు ఆడా మగా ఇద్దరినీ పిలిచి క్లమీడియా పరీక్ష చేసేది. 2021లో దాన్ని మార్చుకుని, లక్షణాలు లేకుండానే పిలిచి చేసే పరీక్షను ఆడవాళ్లకే పరిమితం చేసింది.

ఆడవాళ్లకే ఎందుకు, అదీ ఈ వయసులోనే ఎందుకు? క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి సోకినట్టే తెలియదు. నొప్పి ఉండదు, రంగు మారదు, వాసన రాదు. ఆ క్రిమి గర్భసంచి ముఖద్వారం దగ్గర ఉండే ఒక రకం పల్చటి కణాలను పట్టుకుంటుంది. చిన్న వయసులో ఆ కణాలు బయటివైపుకు తెరుచుకుని ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ లోపలికి సర్దుకుంటాయి. అందుకే ఇరవై ఏళ్ల అమ్మాయికి అంటుకున్నంత తేలిగ్గా నలభై ఏళ్లావిడకి అంటుకోదు. వైద్యం చేయకుండా వదిలేస్తే నూటికి 10 నుంచి 15 మందిలో అది గర్భసంచి దాటి ట్యూబుల్లోకి పాకుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతుంది. పొత్తికడుపు నొప్పి అలా ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. ట్యూబులు మూసుకుపోతే పిల్లలు పుట్టరు. సగం మూసుకుంటే గర్భం ట్యూబులోనే నిలిచి ప్రాణం మీదికి వస్తుంది. మగవాళ్లకి దీనివల్ల ఇంత నష్టం ఉండదు. పరీక్ష ఆడవాళ్లకి పెట్టడానికి కారణం నష్టం వాళ్ల ఒంట్లో జరగడమే గానీ, వ్యాధి వాళ్ల దగ్గర పుట్టిందని కాదు. మన దగ్గర ఈ తేడాని చెరిపేయడం చాలా తేలిక.

మన భాష కూడా అందుకు సాయం చేస్తుంది. ‘సుఖవ్యాధి’ అన్న మాట ఎవరు కనిపెట్టారో గానీ, మొగుడి నుంచి అంటించుకున్న ఆడమనిషికి అందులో సుఖమెక్కడుందో వాళ్లే చెప్పాలి. పాతతరం వాళ్లు సెగ అనీ సవాయి అనీ అనేవాళ్లు. సెగ అంటే వేడే. ఇప్పటికీ తెల్లబట్ట అనగానే ‘ఒంట్లో వేడి’ అని మజ్జిగ, సబ్జా గింజలు తాగించే అలవాటు ఆ దారినే వచ్చిందేమో. మజ్జిగ తాగితే పోయేదేమీ లేదు. అసలు కారణం మాత్రం ఆ చల్లటి గ్లాసు వెనక హాయిగా దాక్కుంటుంది.

తెల్లబట్ట అంతా రోగం కాదని కూడా ఇక్కడే చెప్పాలి. నెలసరి మధ్యలో గుడ్డు తెల్లసొనలా తీగలు సాగేది మామూలే. పెరుగు విరిగినట్టు ముద్దలుగా, దురదతో ఉంటే ఎక్కువగా ఫంగస్. చేపల వాసనతో పల్చగా ఉంటే లోపలి బ్యాక్టీరియా సమతూకం తప్పడం. ఈ రెండింటినీ లైంగిక వ్యాధులుగా లెక్కించరు. నురగగా, పసుపు పచ్చగా వస్తే ట్రైకోమోనాస్ కావచ్చు, అది మాత్రం లైంగికంగా అంటేదే. క్లమీడియా, గనేరియాల్లో చాలాసార్లు కంటికి కనిపించేదేమీ ఉండదు. అంటే తెల్లబట్ట బాగా అయ్యే మనిషికి లైంగిక వ్యాధి లేకపోవచ్చు, ఏమీ కనిపించని మనిషికి ఉండొచ్చు.

మన ప్రభుత్వ పద్ధతి మొత్తం కనిపించేదాని మీదే నిలబడింది. ల్యాబులు లేని చోట రోగిని మందు లేకుండా పంపకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహించిన పద్ధతి ఇది. లక్షణాలను బట్టి, అక్కడికక్కడే, ఉండే అవకాశమున్న క్రిములన్నింటికీ కలిపి మందు ఇచ్చేస్తారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) దీనికోసం ఏడు రంగుల మందుల కిట్లు పెట్టింది. ఏళ్లుగా వాడుకలో ఉన్నవాటిలో బూడిద రంగు కిట్ గర్భసంచి ముఖద్వారం నుంచి వచ్చే స్రావానికి, అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉంటాయి. ఆకుపచ్చది యోని స్రావానికి, అందులో సెక్నిడజోల్, ఫ్లుకొనజోల్. పసుపుది పొత్తికడుపు నొప్పికి. తెల్లది, నీలం, ఎరుపు పుండ్లకు, నలుపు గజ్జల్లో గడ్డలకు. సిస్టర్‌కి మందుల పేర్లు గుర్తుండక్కర్లేదు, రంగు గుర్తుంటే చాలు. ఆ రోజులకి గొప్ప ఆలోచనే.

అయితే స్రావం యోనిలోంచా, ముఖద్వారం నుంచా అన్నది తెలియాలంటే స్పెక్యులమ్ (యోనిని తెరిచి పట్టి లోపల చూసే పరికరం) పెట్టి చూడాలి. చూడటం కుదరకపోతే రెండింటికీ మందు ఇవ్వమని నాకో చెబుతుంది. చీటీ మీద ‘అన్‌మ్యారీడ్’ అని ఉన్న పిల్లకి మన దగ్గర స్పెక్యులమ్ పెట్టరు, పెట్టాలని అడగను కూడా అడగరు. ఇక ముఖద్వారం వైపు మందు కూడా ఇవ్వాలన్నది గుర్తొచ్చేదెలా? ఏ లక్షణమూ లేని అమ్మాయికైతే ఈ రంగుల పద్ధతిలో చోటే లేదు. లక్షణం ఉంటేనే తెరుచుకునే తలుపు అది.

మెడికల్ షాపుల్లో దీనికి ఒక నకలు దొరుకుతుంది. ఒకే స్ట్రిప్పులో నాలుగు మాత్రలు, అజిత్రోమైసిన్ ఒకటి, ఫ్లుకొనజోల్ ఒకటి, సెక్నిడజోల్ రెండు. "అన్నా, తెల్లబట్టకి ఏదైనా ఇవ్వు" అంటే కాగితంలో చుట్టి ఇచ్చేస్తారు. మా చెల్లి నాకు ఫోన్ చేయకముందే అదొకసారి వాడేసిందని తర్వాత బయటపడింది. అందులో గనేరియాకి సరైన మందు లేదు. క్లమీడియాకి ఇప్పుడు ముందు వరసలో ఉన్నది వారం రోజుల డాక్సీసైక్లిన్, ఒక్క మోతాదు అజిత్రోమైసిన్ కాదు. గర్భిణులకు మాత్రం అజిత్రోమైసినే. పైగా ఇలా గుడ్డిగా వాడిన కొద్దీ గనేరియా క్రిమి ముదిరిపోయి మందులకు లొంగడం మానేస్తోంది.

మరి పరీక్షే అందరికీ చేసేస్తే పోదా?

నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. చదివేకొద్దీ ఉత్సాహం కొంచెం తగ్గింది. అమెరికాలోని సియాటెల్‌లో జరిగి 1996లో వెలువడిన అధ్యయనం ఒకటి దీనికంతటికీ పునాది. ముప్పు ఎక్కువగా ఉన్న యువతులను వెతికి క్లమీడియా పరీక్ష చేసి మందిస్తే, ఏడాదిలో ట్యూబులకు వాపు వచ్చే కేసులు సగానికి పైగా తగ్గాయి. తర్వాత 2010లో వెలువడిన లండన్ అధ్యయనంలో 2,529 మంది విద్యార్థినుల మీద అదే ప్రశ్న మళ్లీ వేశారు. అందరి నుంచీ స్వాబ్ (పుల్లతో తీసే నమూనా) తీసుకుని, సగం మందివి వెంటనే పరీక్షించి, మిగతా సగం ఏడాది దాకా దాచారు. వాపు వచ్చినవాళ్లు మొదటి గుంపులో 1.3 శాతం, రెండో గుంపులో 1.9 శాతం. తేడా ఉంది గానీ, కాకతాళీయం కాదని చెప్పగలిగేంత లేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. వాపు వచ్చిన 38 మందిలో 30 మందికి ఏడాది మొదట్లో క్లమీడియా లేనే లేదు. వాళ్లకి తర్వాత సోకి ఉండొచ్చు, లేదా వేరే కారణం ఉండొచ్చు. ఒక్కసారి పరీక్ష చేసి సరిపెట్టుకుంటే లాభం లేదన్నమాట. 2018లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో ఊళ్లలోని మామూలు డాక్టర్ల చేత పరీక్షలు పెంచి చూశారు. పరీక్షలు పెరిగాయి, వ్యాధి మాత్రం పరీక్షలు పెంచని ఊళ్లలో తగ్గినంతే తగ్గింది.

కాబట్టి పరీక్ష చేయించుకుని పాజిటివ్ వచ్చిన అమ్మాయికి లాభం ఖాయం, ఊరికి లాభం అనుమానం. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఇంకో లెక్క ఉంది, అది మన దగ్గర మరీ ముఖ్యం. ఒక పరీక్ష నూటికి 95 మంది రోగులను పట్టుకుంటుందనీ, రోగం లేని నూరుమందిలో ఒక్కరికే పొరపాటున పాజిటివ్ చూపిస్తుందనీ అనుకుందాం. వెయ్యిమందిలో 50 మందికి వ్యాధి ఉన్న చోట, నిజమైన పాజిటివ్‌లు 47 లేదా 48, తప్పుడువి 9 లేదా 10. ఫర్వాలేదు. అదే పరీక్షని వెయ్యిమందిలో 10 మందికే వ్యాధి ఉన్న చోట చేస్తే నిజమైనవి 9 లేదా 10, తప్పుడువి కూడా దాదాపు 10. అంటే పాజిటివ్ రిపోర్ట్ పట్టుకుని ఏడుస్తున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరికి ఏమీ లేదు. పరీక్ష మారలేదు, యంత్రం మారలేదు, ముందు కూర్చున్న మనుషులు మారారంతే.

లండన్‌లో తప్పుడు పాజిటివ్ అంటే వారం రోజుల మాత్రలు, కాస్త చిరాకు. మౌలాలిలోనో, యాకుత్‌పురాలోనో కొత్తగా పెళ్లయిన పిల్లకి తప్పుడు పాజిటివ్ అంటే పుట్టింటికి పంపేయడం. అందుకే అమెరికా నియమాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి, 25 ఏళ్లలోపు ప్రతి ఆడపిల్లకీ పరీక్ష చేసెయ్యండి అనడం నాకు నచ్చదు. అలాగని చీటీ మీద ఒక్క మాట రాసి వదిలేయడమూ కుదరదు. ఈ రెండింటికీ మధ్య ఉన్నది నోరు తెరిచి సరిగ్గా అడగడం. గత ఏడాదిలో ఎవరితోనైనా శారీరకంగా కలిశావా, కొత్త మనిషా, కండోమ్ వాడారా, అతనికి మూత్రంలో మంటా చీమూ లాంటివి ఉన్నాయా? ఈ నాలుగు ముక్కలు అడిగితే వెయ్యిమందిలో ఎవరికి పరీక్ష అవసరమో చాలావరకు తేలుతుంది. పైన చెప్పిన లెక్క కూడా అప్పుడు మన వైపు తిరుగుతుంది, ముప్పున్నవాళ్లని ఏరి పరీక్ష చేస్తే తప్పుడు పాజిటివ్‌ల వాటా తగ్గుతుంది గనక.

డాక్టర్లు ఎందుకు అడగరో కూడా అర్థం చేసుకోవచ్చు. పక్కన కూర్చున్న తల్లి "మా అమ్మాయి అలాంటిది కాదు" అని లేస్తుంది. ఓపీలో ఇంకా నలభైమంది ఉంటారు. పిల్లకి 18 నిండకపోతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన విషయం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష. దాంతో ‘అడగకపోతే తెలియదు, తెలియకపోతే చెప్పక్కర్లేదు’ అన్న దారి పడింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు గర్భస్రావాల విషయంలో, పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో పేరు వెల్లడించక్కర్లేదని కొంత ఊరటనిచ్చింది. ఆ తీర్పు గర్భస్రావం వరకే. 18 దాటిన అమ్మాయికి మాత్రం పరీక్షకు తల్లిదండ్రుల సంతకమో, భర్త అనుమతో అక్కర్లేదు. హెచ్‌ఐవీ పరీక్షకైతే 2017 చట్టం ప్రకారం ఆమెకు విషయం వివరించి ఒప్పుకోలు తీసుకోవాలి, ఫలితం రహస్యంగా ఉంచాలి.

స్పెక్యులమ్ అడ్డంకి కూడా ఇప్పుడు సాకు మాత్రమే. క్లమీడియా, గనేరియాలకు ఇప్పటి పరీక్ష పీసీఆర్ లాంటిది. కోవిడ్ పుణ్యమా అని స్వాబ్ అంటే ఏంటో ఊరందరికీ తెలుసు. ఇదీ అలాంటి పుల్లే. బాత్రూమ్‌లోకి వెళ్లి ఆ అమ్మాయే రెండంగుళాలు లోపలికి పెట్టి, కొద్ది సెకన్లు గుండ్రంగా తిప్పి, గొట్టంలో వేసి మూత పెట్టేయొచ్చు. డాక్టర్ తీసిన స్వాబ్ ఎంత నికరమో ఇదీ అంతే. స్వాబ్ వద్దంటే మూత్రం ఇవ్వొచ్చు, ఆడవాళ్లలో అది కొన్ని కేసులు తప్పిపోయే అవకాశముంది. ఇక్కడొక తిరకాసు. మన ల్యాబుల్లో సీయూఈ అనే మామూలు మూత్ర పరీక్షకి ‘మొదట వచ్చేది వదిలేసి మధ్యలోది పట్టు’ అంటారు. దీనికి సరిగ్గా తిరగేయాలి. గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండి, మొట్టమొదట వచ్చేదే పట్టాలి. డబ్బా ఒకటే గనక చాలామంది పొరపాటున మధ్యలోదే ఇచ్చి వచ్చేస్తారు.

మా చెల్లి సీయూఈ రిపోర్ట్‌లో చీము కణాలు ఎక్కువున్నాయి. మూత్రంలోని క్రిముల్ని పెంచి చూసే కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు. ఇది చిన్న విషయం కాదు. మంట ఉంది, చీము కణాలున్నాయి, కల్చర్ మాత్రం ఖాళీ అంటే మామూలు మూత్రం ఇన్ఫెక్షన్ కాకపోవచ్చు, క్లమీడియాని అనుమానించాలి. ఆ రిపోర్ట్ పట్టుకుని మళ్లీ వెళ్తే అదే క్లినిక్‌లో యాంటీబయాటిక్ మార్చి రాశారు.

ప్యాకేజీల గురించి ఒక హెచ్చరిక. ప్రైవేటు ల్యాబుల్లో ఒకే స్వాబ్‌తో ఏడు, పది క్రిములు చూసే ప్యానెళ్లున్నాయి, ఖరీదు వేలల్లో. వాటిలో యూరియాప్లాస్మా పాజిటివ్ అని వస్తే ఇల్లంతా గగ్గోలు. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా ఉంటుంది, లక్షణాలు లేనివాళ్లలో దాన్ని వెతకమని ఎవరూ చెప్పరు. క్లమీడియాకి రక్తంలో యాంటీబాడీ పరీక్ష అంటే ఎప్పుడో తగిలిందేమో చెబుతుంది, ఇప్పుడుందో లేదో చెప్పదు. హెర్పీస్ రక్త పరీక్ష లక్షణాలు లేనివాళ్లకి వద్దని అమెరికా టాస్క్ ఫోర్స్ స్పష్టంగానే చెప్పింది. ‘ఫుల్ బాడీ చెకప్’ చేయించుకున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకి కూడా ఒక మాట, అందులో సాధారణంగా ఇవేవీ ఉండవు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కి చేసే ప్యాప్ పరీక్ష వేరు, దానితో క్లమీడియా తెలియదు.

అలాగే ట్యూబులు మూసుకుపోయాయని తెలిసిన ప్రతి ఆడమనిషినీ ‘ఏదో జబ్బు తెచ్చుకుంది’ అనే చూపు చూడటం మానుకోవాలి. మన దేశంలో ట్యూబులను పాడుచేసేవాటిలో టీబీది పెద్ద వాటా. దానికీ లైంగిక సంబంధాలకీ ఏ లింకూ లేదు.

ఇంతకీ మన దగ్గర అందరికీ జరిగే స్క్రీనింగ్ ఒకటుంది, అది కడుపుతో ఉన్నప్పుడు. పేట్లబురుజు మెటర్నిటీ ఆస్పత్రి అయినా, కోఠి సుల్తాన్‌బజార్‌ది అయినా, బస్తీలోని ప్రాథమిక కేంద్రమైనా గర్భిణి పేరు రాయగానే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. మంచి పనే. సిఫిలిస్ ముందే పట్టుకుంటే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో బిడ్డ దక్కుతుంది. కాకపోతే ఇంట్లో మొదట పరీక్ష అయ్యేది ఆమెకే. మొదట పాజిటివ్ వచ్చేదీ ఆమెకే. దాంతో ‘తెచ్చింది’ కూడా ఆమే అయిపోతుంది. భర్త చేతికి సూది తగిలి ఉండదు గనక అతను కడిగిన ముత్యం. క్లమీడియా అయినా అంతే, నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఒంట్లో గుట్టుగా ఉండగలదు. పాజిటివ్ రిపోర్ట్ చూసి ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అన్నది ఏ డాక్టరూ చెప్పలేరు. ఈ ఒక్క వాక్యం రిపోర్ట్ అడుగున తెలుగులో అచ్చు వేస్తే బాగుంటుందని నా ఆశ.

భర్తకో స్నేహితుడికో మందివ్వకుండా ఆమెకొక్కదానికే ఇస్తే మళ్లీ అంటుకునే ప్రమాదం ఉంది. ఇద్దరూ మందు పూర్తిచేసేదాకా, ఒక్క మోతాదుదైతే ఏడు రోజులు, కలవకూడదు. మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అంతకన్నా తొందరపడి నాలుగు వారాల్లోపే చేయిస్తే చచ్చిన క్రిముల ముక్కలను కూడా పట్టుకుని పాజిటివ్ అనొచ్చు.

డబ్బు లేకుండా ఎక్కడ దొరుకుతుంది? పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లోని ఐసీటీసీ అనే కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. నాకో నడిపే సురక్ష క్లినిక్కుల్లో సిఫిలిస్ పరీక్ష, రంగుల కిట్లు, కౌన్సెలర్ ఉంటారు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయొచ్చు, పేరు చెప్పక్కర్లేదు. 2023 మార్చి 8న తెలంగాణలో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించారు, దాని ఎనిమిది సేవల జాబితాలో లైంగిక వ్యాధుల పేరు కూడా ఉంది. క్లమీడియా పీసీఆర్ మాత్రం బస్తీ దవాఖానాలో అడగ్గానే దొరికేది కాదు. విచిత్రమేంటంటే టీబీ కోసం ప్రభుత్వం పెట్టిన సీబీన్యాట్ యంత్రంలోనే వేరే కాట్రిడ్జ్ వేస్తే క్లమీడియా, గనేరియా రెండూ గంటన్నరలో తేలతాయి. యంత్రం ఉంది, దాన్ని నడిపే మనిషి ఉన్నాడు, కాట్రిడ్జ్‌కే డబ్బు లేదు.

మా చెల్లిని తర్వాత ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ముందు నన్ను బయట కూర్చోమంది. అదొక్కటే ఆవిడ చేసిన పెద్ద పని. లోపల ఏమడిగిందని తర్వాత అడిగితే, "ఇది నా దగ్గరికొచ్చే అందరినీ అడుగుతాను, నీకొక్కదానికే కాదు" అని మొదలుపెట్టిందట. స్వాబ్ పుల్ల చేతికిచ్చి బాత్రూమ్ చూపించింది. క్లమీడియా పాజిటివ్ వచ్చింది. మంట, చీము కణాలు, ఖాళీ కల్చర్ ముందే ఉన్నాయి కాబట్టి అది తప్పుడు పాజిటివేమో అన్న అనుమానం పెద్దగా అక్కర్లేకపోయింది. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, పొద్దునొకటి రాత్రొకటి, ఏడు రోజులు. ఆ అబ్బాయి మొదట "నాకేం లేదు, నేను బాగానే ఉన్నాను" అన్నాడట. నాలుగు రోజులు మాటల్లేవు. అయిదో రోజు మాత్రలు కొనుక్కున్నాడు.

మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకి ల్యాబ్‌కి వెళ్లినప్పుడు ఫోన్ నంబరు దగ్గర ఒక నిమిషం తడబడింది. పాత రిపోర్టులన్నీ వాళ్ల నాన్న నంబరు మీదున్నాయి, ఆ నంబరు కొడితే పీడీఎఫ్ నేరుగా ఆయన వాట్సాప్‌కి వెళ్తుంది. కొత్తగా తన నంబరుతో నమోదు చేయించుకుంది. కంప్యూటర్ ముందున్న కుర్రాడు పేరు, వయసు కొట్టి, తలెత్తకుండానే అడిగాడు, "డబ్ల్యూ బై ఓ నా, డీ బై ఓ నా మేడం?"

"ఏదీ వద్దు, పేరు చాలు" అంది.

"ఏదో ఒకటి కొట్టకపోతే సిస్టమ్ ముందుకెళ్లదు మేడం."